రూటు ఎంపిక: ఒక్క మాట కింద నాలుగు నిర్ణయాలు

(నల్లగొండలో ఇంటర్నెట్ ఆపరేటర్లు, నెట్‌వర్క్ ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్కారం. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ నుంచి, అటు పాలమూరు నుంచి కూడ వచ్చిన్రు, సంతోషం. ఇక్కడ కూసున్నోళ్లల్ల చానమంది రెండు అప్‌స్ట్రీమ్‌లు (మనకు ఇంటర్నెట్ ఇచ్చే పై కంపెనీలు) పెట్టుకొని నెట్‌వర్కు నడుపుతున్నోళ్లే. కాబట్టి బీజీపీ, అంటే నెట్‌వర్కులు ఒకదానికొకటి తొవ్వలు చెప్పుకునే ప్రొటోకాల్, గురించి మొదటి నుంచి చెప్పను. ఇయ్యాల మాట్లాడేది మాటల గురించి.

"మా రూటు సెలెక్ట్ అయితలేదు" అని అప్‌స్ట్రీమ్‌కు టికెట్ రాస్తం. ఆ ఒక్క వాక్యానికి నాలుగు అర్థాలున్నయి. రౌటర్ ఆ రూటును పోటీలకే రానియ్యలేదు అని ఒక అర్థం. పోటీలకు వచ్చి బీజీపీ లోపల ఇంకో రూటు చేతిల ఓడిపోయింది అని రెండోది. బీజీపీల గెలిచింది కాని, ఓఎస్‌పీఎఫ్‌దో (నెట్‌వర్కు లోపల తొవ్వలు చెప్పే ప్రొటోకాల్) స్టాటిక్‌దో (చేత్తో రాసింది) రూటు ముందు నిలవలేకపోయింది అని మూడోది. అన్నీ గెలిచి టేబుల్ల కూసున్నది, అయినా ప్యాకెట్ వేరే తొవ్వల పోతున్నది అని నాలుగోది. నాలుగు జబ్బులు, నాలుగు మందులు. ఏ జబ్బో చెప్పకుండ మందు అడిగితే, అవతలి ఇంజనీరు లోకల్ ప్రిఫరెన్స్ (రూటుకు మనమిచ్చే ప్రాధాన్యం అంకె) పెంచి సూడుమంటడు. సగంసార్లు దాంతోని ఏం కాదు.

ముందు "రూటు" అనే మాటనే చూద్దాం. బీజీపీ నాలుగో వెర్షన్‌కు ఇప్పుడు నడుస్తున్న ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 4271, 2006 జనవరిల వచ్చింది. అంతకు ముందు 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1771 ఉండె. 4271 ప్రకారం రూటు అంటే కొన్ని గమ్యాలను, ఆ గమ్యాలకు పోయే పాత్ గుణాలతోని జతచేసిన సమాచారం. సమాచారం అన్న మాట పట్టుకోండి. నార్కట్‌పల్లి కాడ హైవే మీద పచ్చ బోర్డు ఉంటది కదా, ఊరి పేరు, బాణం, కిలోమీటర్లు. రూటు అంటే ఆ బోర్డు. పాత్ అంటే ఆ బోర్డు చెప్తున్న తొవ్వ. బోర్డు ఉన్నంత మాత్రాన తొవ్వ బాగుందని కాదు, తొవ్వ బాగున్నా బోర్డు పీకేస్తే బండ్లు అటు తిరగవు. ఒకే ప్రిఫిక్స్‌కు (అడ్రసుల గుంపుకు) ముగ్గురు పక్కోళ్లు (మనతోని బీజీపీ సెషన్ ఉన్న అవతలి రౌటర్లు) చెప్పిన్రంటే మీ దగ్గర మూడు రూట్లున్నయి. "మూడు ప్రిఫిక్స్‌లు వచ్చినయి" అంటే లెక్క తప్పుతది. లిమిట్ పెట్టేటప్పుడు ఈ తేడా తెల్వక మాక్సిమమ్ ప్రిఫిక్స్ అంకె తప్పుగ వేసి సెషన్ పడగొట్టుకునేటోళ్లున్నరు. ఆ లిమిట్ ఒక్కో పక్కోడి నుంచి వచ్చే ప్రిఫిక్స్‌ల మీద ఉంటది, మీ రౌటర్ల మొత్తం ఎన్ని రూట్లున్నయనే దాని మీద కాదు.

ఈ రూట్లు ఉండే తావులు మూడని ప్రమాణం చెప్తది. పక్కోడు చెప్పింది చెప్పినట్టు పెట్టుకునేది అడ్జ్-రిబ్-ఇన్. ఎంపికైనయి ఉండేది లాక్-రిబ్. పక్కోళ్లకు చెప్పేటందుకు తయారు చేసినయి అడ్జ్-రిబ్-అవుట్. మెమరీల మూడు కాపీలు ఉండాలని ప్రమాణం అంటలేదు, ఆ సంగతి స్పష్టంగనే రాసిన్రు. ఇది ఆలోచనకు గీసుకున్న బొమ్మ. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్యాకెట్లను తోలేటందుకు వాడే రూటింగ్ టేబుల్ ఈ మూడిట్ల ఏదీ కాదు. అది వేరే. లాక్-రిబ్‌ల ఉన్నదంతా రూటింగ్ టేబుల్ల ఉండాలని లేదు. మన మూడో జబ్బు పుట్టేది ఇక్కడ్నే.

"ఫీజిబుల్", "అన్‌ఫీజిబుల్" అనే రెండు మాటల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే పాత పుస్తకాలు చదివినోళ్లు ఇక్కడ తికమక పడ్తరు. ఫీజిబుల్ రూటు అంటే పక్కోడు చెప్పిన, మనం వాడుకునేటందుకు అందుబాటుల ఉన్న రూటు. అన్‌ఫీజిబుల్ అంటే ముందు చెప్పి, ఇప్పుడు అందుబాటుల లేకుండ పోయింది. 1771ల అప్‌డేట్ మెసేజ్ మొదటి గడి పేరే "అన్‌ఫీజిబుల్ రూట్స్ లెంత్". 4271కు వచ్చేసరికి ఆ గడి పేరును "విత్‌డ్రాన్ రూట్స్ లెంత్" అని మార్చిన్రు. మార్చుడు సరైన పనే. వెనక్కి తీసుకునుడు అనేది పక్కోడు చేసే పని, మెసేజ్‌ల కనపడే పని. ఒక రూటు పనికిరాకుండ పోవుడు అనేది మన దిక్కు జరిగేది. పక్కోడు వెనక్కి తీసుకోకున్నా సెషన్ పడిపోతే వాడు చెప్పిన రూట్లన్నీ పోతయి, ఒక్క విత్‌డ్రా మెసేజ్ కూడ రాదు. లాగ్‌ల విత్‌డ్రా కోసం వెతికి, కనపడలేదు కాబట్టి రూటు ఉన్నట్టే అనుకునుడు తప్పు.

ఇప్పుడు మొదటి జబ్బు: పోటీలకే రాకపోవుడు. దీనికి ప్రమాణాలల్ల మాట "ఎలిజిబుల్", అర్హత. ఓడిపోవుడు వేరు, అర్హత లేకపోవుడు వేరు. ఒక ఉదాహరణ దగ్గరికెళ్లి చూద్దాం. మీ దగ్గర రెండు రౌటర్లు, నల్లగొండల ఒకటి, మిర్యాలగూడల ఒకటి. నల్లగొండ రౌటర్ల 198.51.100.0/24 కు మూడు రూట్లు కనపడ్తున్నయి. మొదటిది అప్‌స్ట్రీమ్ 64500 నుంచి, ఏఎస్ పాత్ (దాటి వచ్చిన ఏఎస్‌ల అంకెల వరుస; ఏఎస్ అంటే ఒకరి చేతికింద నడిచే నెట్‌వర్కు) 64500 64505 64510, లోకల్ ప్రిఫరెన్స్ 100. రెండోది అప్‌స్ట్రీమ్ 64501 నుంచి, ఏఎస్ పాత్ 64501 64510, లోకల్ ప్రిఫరెన్స్ 100. మూడోది మిర్యాలగూడ రౌటర్ ఐబీజీపీల (ఒకే ఏఎస్ లోపల నడిచే బీజీపీ; బయటోళ్లతోని నడిచేది ఈబీజీపీ) చెప్పింది, లోకల్ ప్రిఫరెన్స్ 200. ఎక్కువున్నదే గెలవాలె, అంటే మూడోది గెలవాలె. కాని '>' అనే గెలుపు గుర్తు రెండోదానికి పడ్డది. ఫోన్లు మోగుతయి, 200ను 300 చేస్తరు, ఏం మారదు.

మూడో లైనుల నెక్స్ట్ హాప్, అంటే ప్యాకెట్ పోవాల్సిన తర్వాతి అడ్రసు, చూడాలె. మిర్యాలగూడ రౌటర్ తన అప్‌స్ట్రీమ్ లింకు అడ్రసునే నెక్స్ట్ హాప్‌గ ఉంచి పంపింది. ఐబీజీపీల నెక్స్ట్ హాప్ మామూలుగ మారదు. ఆ లింకు సబ్‌నెట్ మీ ఓఎస్‌పీఎఫ్‌ల లేదు. నెక్స్ట్ హాప్‌కు తొవ్వ దొరకని రూటును నిర్ణయం రెండో దశ (గెలిచిన రూటును ఎంచే దశ) నుంచి తీసేయాల్సిందేనని 4271 పెద్దక్షరాల "మస్ట్" పెట్టి రాసింది. లోకల్ ప్రిఫరెన్స్ ఎంతున్నా లెక్కకే రాదు. సిస్కో రౌటర్ల ఆ ప్రిఫిక్స్ వివరం అడిగితే నెక్స్ట్ హాప్ పక్కన "ఇన్‌యాక్సెసిబుల్" అని కనపడ్తది. మందు రెండు తీర్ల: మిర్యాలగూడ రౌటర్ల ఆ ఐబీజీపీ పక్కోడికి నెక్స్ట్-హాప్-సెల్ఫ్ (తన అడ్రసునే నెక్స్ట్ హాప్‌గ చెప్పుడు) పెట్టుడు, లేకుంటే ఆ లింకు సబ్‌నెట్‌ను ఓఎస్‌పీఎఫ్‌ల పాసివ్‌గ (ఆ లింకు మీద పక్కోళ్లను వెతకకుండ, సబ్‌నెట్ మాత్రం చెప్పేటట్టు) కలుపుడు. మన తీరు చిన్న నెట్‌వర్కులకు మొదటిదే మేలు. అప్‌స్ట్రీమ్ లింకుల అడ్రసులు లోపల తిరగకుండ ఉంటయి.

అర్హత పోయే ఇంకో తీరు 2017ల వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 8212. బయటి పక్కోడికి ఇంపోర్ట్ పాలసీ రాయకపోతే వాడి రూట్లు నిర్ణయానికి అర్హం కావు, ఎక్స్‌పోర్ట్ పాలసీ రాయకపోతే వాడికి ఏమీ చెప్పకూడదు. ఎఫ్‌ఆర్‌ఆర్ (ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్లల్ల ఇది మొదటి నుంచే ఆన్ ఉంటది. సెషన్ నిలబడి ఉంటది, కాని సమ్మరీల అంకె ఉండాల్సిన తావుల "పాలసీ" అని బ్రాకెట్ల కనపడ్తది. పాత బాక్సు కాన్ఫిగరేషన్‌ను అట్లనే కొత్త దాంట్ల వేసినప్పుడు ఎక్కువ తగిలేది ఇదే. ఆ ఆప్షన్‌ను ఆపేసుడు సులువే, కాని ఆపకండి. అనుమతించే ప్రిఫిక్స్‌లతోని ఒక పాలసీ రాయండి. మీ అప్‌స్ట్రీమ్ ఒకరి రూట్లను ఇంకో అప్‌స్ట్రీమ్‌కు తెల్వకుండ చెప్పే తప్పును ఆపేది ఆ పాలసీనే.

ఇప్పుడు "ప్రిఫరెన్స్". దీనంత గందరగోళం పెట్టే మాట ఇంకోటి లేదు. ప్రమాణం మొదటి దశల "డిగ్రీ ఆఫ్ ప్రిఫరెన్స్" లెక్కగట్టుమంటది. అది ఒక భావన, రౌటర్ మనసుల మాట. బయటి పక్కోడి నుంచి వచ్చిన రూటుకు దాన్ని మీ పాలసీ ప్రకారం లెక్కగట్టాలె. లోపలి పక్కోళ్లకు చెప్పేటప్పుడు ఆ విలువను లోకల్ ప్రిఫరెన్స్ అనే గుణంల పెట్టి పంపుతం. అంటే లోకల్ ప్రిఫరెన్స్ అనేది ఆ విలువను మోసే సంచి. మీ ఏఎస్ గడప దాటి బయటి పక్కోడికి అది పోదు, కాన్ఫెడరేషన్ (ఒక ఏఎస్‌ను లోపల ముక్కలు చేసుకునే తీరు) ఒక్కటే మినహాయింపు. ఎక్కువుంటే మంచిది. సిస్కోల డిఫాల్ట్ 100.

దీనికి ముందు సిస్కో "వెయిట్" చూస్తది. ప్రమాణంల అట్లాంటి గుణమే లేదు. ఆ ఒక్క రౌటర్‌కే పరిమితం, పక్క రౌటర్‌కు తెల్వదు. తను పుట్టించిన రూటుకు 32768, వేరేటోళ్ల నుంచి నేర్చుకున్నదానికి 0. నల్లగొండల వెయిట్ మార్చి, మిర్యాలగూడల ఎందుకు మారలేదని అడగొద్దు.

ఇంకో రౌటర్ కంపెనీ జునిపర్‌ల మళ్ల "ప్రిఫరెన్స్" అంటే ఇంకోటి. అది ప్రొటోకాల్‌కు ప్రొటోకాల్‌కు నడుమ తీర్పు, తక్కువుంటే మంచిది. అదే సంగతిని సిస్కో "అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్" అంటది. ఒక డబ్బాల ఎక్కువ మంచిది, ఇంకో డబ్బాల తక్కువ మంచిది, పేరు మాత్రం ఒక్కటే. ఫోన్ల మాట్లాడేటప్పుడు "ప్రిఫరెన్స్ పెంచు" అని ఉత్తగ అనకండి. లోకల్ ప్రిఫరెన్సా, జునిపర్ ప్రిఫరెన్సా చెప్పండి, అంకె కూడ చెప్పండి.

ఇక రెండో జబ్బు, పోటీల ఓడిపోవుడు. డిగ్రీ ఆఫ్ ప్రిఫరెన్స్ సమానమైతేనే టై-బ్రేకింగ్ మొదలైతది. ప్రమాణం ఇక్కడ వాడిన భాష గమనించండి: "పరిశీలన నుంచి తీసేయాలె." మార్కులు వేసి కూడుడు కాదు, వడపోత. ఏఎస్ పాత్ పొడుగున్నయి పోతయి. ఏఎస్ సెట్ ఎంత పెద్దదైనా ఒకటిగనే లెక్క. మిగిలినయిట్ల ఆరిజిన్ అంకె తక్కువున్నయే ఉంటయి: ఐజీపీ 0, ఈజీపీ 1, ఇన్‌కంప్లీట్ 2. తర్వాత మెడ్ (ఏ లింకు మీద రావాల్నో పక్క ఏఎస్ చెప్పే అంకె, తక్కువుంటే మంచిది). తర్వాత ఒక్క ఈబీజీపీ రూటున్నా ఐబీజీపీవన్నీ పోతయి. తర్వాత నెక్స్ట్ హాప్‌కు లోపలి ఖర్చు. ఆ తర్వాత తక్కువ బీజీపీ ఐడెంటిఫయర్, చివరికి పక్కోడి తక్కువ ఐపీ అడ్రస్. ఒక మెట్టుల ఓడినది కింది మెట్టుల ఎంత గొప్పదైనా తిరిగి రాదు.

ఈ మెట్లల్ల మెడ్ మెట్టు దగ్గరనే ఎక్కువ మంది జారిపడ్తరు. మెడ్‌ను ఒకే పక్క ఏఎస్ నుంచి వచ్చిన రూట్ల నడుమనే పోల్చాలె. 64500 మెడ్‌కు, 64501 మెడ్‌కు పోలిక లేదు. ఎవరి తూకం రాళ్లు వాళ్లవి. దీనివల్ల ఏమైతదో కాగితం మీద రాసుకోండి. మూడు రూట్లు, మూడూ ఐబీజీపీల వచ్చినయే, పైమెట్లన్నీ సమానం. క: 64500 నుంచి, మెడ్ 20, లోపలి ఖర్చు 5. ఖ: 64501 నుంచి, మెడ్ 0, ఖర్చు 10. గ: 64500 నుంచి, మెడ్ 10, ఖర్చు 15.

క, ఖ రెండిటినే పోలిస్తే మెడ్ లెక్కకు రాదు, ఖర్చుల క గెలుస్తది. ఖ, గ పోలిస్తే ఖ గెలుస్తది. మరి గ, క పోలిస్తే? ఒకే పక్క ఏఎస్, కాబట్టి మెడ్ చూడాలె, గ గెలుస్తది. క మీద గ, గ మీద ఖ, ఖ మీద క. గుండ్రంగ తిరిగింది. "బెస్ట్" అనే మాటకు ఇక్కడ జతలు జతలుగ పోలిస్తే అర్థమే ఉండదు. రౌటర్ వరుసగ రెండు రెండు పోలుస్తూ పోయిందనుకోండి. క, ఖ, గ వరుసల వస్తే గ మిగులుతది. ఖ, గ, క వరుసల వస్తే క మిగులుతది. రూట్లు వచ్చిన వరుసను బట్టి తీర్పు మారుతున్నది! ప్రమాణం చెప్పిన వడపోత ప్రకారం చేస్తే మెడ్ మెట్టుల క పోతది, ఎందుకంటే అదే ఏఎస్ నుంచి గ ఉన్నది. మిగిలిన ఖ, గ లల్ల ఖర్చుతోని ఖ గెలుస్తది. ఎప్పుడు చేసినా ఖ నే. సిస్కోల "డిటర్మినిస్టిక్ మెడ్" అనే ఆదేశం చేసేది ఇదే, పక్క ఏఎస్ వారీగ గుంపులు చేసి పోలుస్తది. దాన్ని మీ ఏఎస్‌ల ఉన్న రౌటర్లన్నిట్ల ఒకేతీరుగ పెట్టాలె. రూట్ రిఫ్లెక్టర్లు (ఐబీజీపీ రూట్లను మిగతా రౌటర్లకు పంచే రౌటర్లు) ఉన్న నెట్‌వర్కుల ఇది ఇంకా ముదిరి ఎప్పటికీ ఆగని ఊగిసలాటగ మారే పరిస్థితులను 2002ల ఆర్‌ఎఫ్‌సీ 3345 వివరించింది.

మెడ్ లేని రూటు సంగతి కూడ చెప్పాలె. మెడ్ రాయకపోతే అది 0 అన్నట్టే, అంటే అన్నిట్ల మంచిది. ఒకే అప్‌స్ట్రీమ్‌తోని మీకు రెండు లింకులు ఉన్నయి. అసలు లింకు మీద మెడ్ 50 పెట్టి పంపిన్రు, బ్యాకప్ లింకు మీద ఏమీ పెట్టలేదు. అప్‌స్ట్రీమ్ నుంచి మీకు వచ్చే ట్రాఫిక్ అంతా బ్యాకప్ మీదనే దిగుతది. రెండిట్ల అంకె రాయండి: అసలుదానికి 50, బ్యాకప్‌కు 100.

మూడో జబ్బు, ప్రొటోకాల్‌ల నడుమ పోటీ. ఈ అంకెలు బీజీపీ ప్రమాణంల లేవు, కంపెనీలు పెట్టుకున్నయి. సిస్కోల ఈబీజీపీ 20, ఓఎస్‌పీఎఫ్ 110, ఐబీజీపీ 200. జునిపర్‌ల ఓఎస్‌పీఎఫ్ లోపలిది 10, బయటినుంచి తెచ్చింది 150, బీజీపీ ఏదైనా 170. ఒకే ప్రిఫిక్స్ ఈబీజీపీల, ఓఎస్‌పీఎఫ్‌ల రెండిట్ల వస్తే సిస్కో ఈబీజీపీ దిక్కు, జునిపర్ ఓఎస్‌పీఎఫ్ దిక్కు పోతయి. రెండు కంపెనీల డబ్బాలు కలిపి పెట్టుకున్నోళ్లు బీజీపీ రూట్లను ఓఎస్‌పీఎఫ్‌లకు తోసినప్పుడు జునిపర్ దిక్కు అప్‌స్ట్రీమ్ ఉత్తగ పడి ఉంటది. సిస్కోల బీజీపీల గెలిచి టేబుల్ల చోటు దొరకని రూటుకు "రిబ్-ఫెయిల్యూర్" అని చిన్న ఆర్ గుర్తు వస్తది. పేరు చూసి భయపడకండి, చెడిపోయింది ఏం లేదు. అయితే అట్లాంటి రూటును పక్కోళ్లకు సిస్కో మామూలుగ చెప్తది, జునిపర్ మామూలుగ చెప్పదు. జునిపర్ భాషల "యాక్టివ్" అంటే టేబుల్ల గెలిచింది. సిస్కో భాషల "బెస్ట్" అంటే బీజీపీల గెలిచింది. ఈ రెండు మాటలు ఒకటి కావు.

నాలుగో జబ్బుకు 2008 ఫిబ్రవరి 24 కన్న మంచి పాఠం దొరకదు. యూట్యూబ్ 208.65.152.0/22 ను ప్రకటిస్తున్నది. తమ దేశం లోపల ఆపేటందుకు పాకిస్తాన్ టెలికాం పెట్టుకున్న 208.65.153.0/24 అప్‌స్ట్రీమ్ మీదుగ బయటికి పొక్కింది. ప్రపంచంల యూట్యూబ్ ట్రాఫిక్ చానమట్టుకు అటు మళ్లింది. ఏ రౌటర్ కూడ ఈ రెండిట్ల ఒకదాన్ని "బెస్ట్"గ ఎంచుకోలేదు. రెండూ వేర్వేరు గమ్యాలు, రెండూ వాటి వాటి తావుల బెస్టే, రెండూ టేబుల్ల ఉన్నయి. ప్యాకెట్ వచ్చినప్పుడు పొడుగు ప్రిఫిక్స్ (చిన్న గుంపు, ఇక్కడ /24) చూసుకొని పోయింది. పోస్టాఫీసుల "నల్లగొండ జిల్లా" సంచి, "మిర్యాలగూడ" సంచి రెండూ ఉంటే మిర్యాలగూడ ఉత్తరం చిన్న సంచిల పడ్డట్టు. గంట మీద ఇరవై నిమిషాలకు యూట్యూబ్ కూడ అదే /24 ప్రకటించింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, బీజీపీ ఎంపిక మొదలైంది: ఒకే గమ్యం, రెండు రూట్లు, ఎవరికి ఏది దగ్గరైతే అది. ఇంకో పదకొండు నిమిషాలకు రెండు /25లు ప్రకటించింది, మళ్ల పొడుగు ప్రిఫిక్స్ పనిచేసింది. లోకల్ ప్రిఫరెన్స్ ఎంత పెంచినా పొడుగు ప్రిఫిక్స్‌ను ఓడించలేరు.

"వాలిడ్" గురించి ఒక్క ముక్క. సిస్కోల '*' ను వాలిడ్ అంటరు, అంటే టేబుల్ల ఆ లైను చెల్లుతది అని. ఆర్‌పీకేఐ (ఏ ప్రిఫిక్స్‌ను ఏ ఏఎస్ ప్రకటించొచ్చో చెప్పే రికార్డుల వ్యవస్థ) వచ్చినంక 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6811 ప్రకారం వాలిడ్, ఇన్‌వాలిడ్, నాట్‌ఫౌండ్ అని మూడు స్థితులు. ఇక్కడ వాలిడ్ అంటే పుట్టించిన ఏఎస్‌కు ఆ హక్కున్నట్టు రికార్డు ఉన్నది అని. మొదటి లెక్కల వాలిడ్, రెండో లెక్కల ఇన్‌వాలిడ్ అయిన రూటు ఉండొచ్చు. ఇన్‌వాలిడ్‌ను పారేయాలనే నిర్ణయం మీ పాలసీలదే. ఇంకోటి, /22 కు మాక్స్ లెంత్ (ప్రకటించగల పొడుగుకు హద్దు) 22 అని రికార్డు చేసుకొని, తర్వాత ట్రాఫిక్ పంచుకునేటందుకు /24 ప్రకటిస్తే మీ సొంత రూటే ఇన్‌వాలిడ్ అయితది. ముందు రికార్డు, తర్వాత ప్రకటన.

(సభలోంచి ప్రశ్న: మేం ఒక అప్‌స్ట్రీమ్ దిక్కు మూడుసార్లు ప్రీపెండ్ (మా ఏఎస్ అంకెనే మళ్ల మళ్ల చేర్చి పాత్ పొడుగు చేసుడు) చేసినం. అయినా ట్రాఫిక్ అక్కడ్నుంచే వస్తున్నది. ఇంకా పెంచాల్నా?)

పెంచినా ఫలితం ఉండదన్నా. ప్రీపెండ్ పనిచేసేది ఏఎస్ పాత్ మెట్టుల. దానికి పైన లోకల్ ప్రిఫరెన్స్ మెట్టు ఉన్నది. ఆ అప్‌స్ట్రీమ్‌కు మీరు డబ్బులు కట్టే కస్టమర్. కస్టమర్ నుంచి నేరుగ వచ్చిన రూటుకు వాళ్లు మామూలుగ ఎక్కువ లోకల్ ప్రిఫరెన్స్ పెడ్తరు. వాళ్ల రౌటర్ల మీ పొడుగు పాత్ పోలికకే రాదు, పై మెట్టు మీదనే తీర్పు అయిపోయింది. వాళ్ల కమ్యూనిటీల (రూటుకు తగిలించే గుర్తుల) పట్టిక అడగండి. లోకల్ ప్రిఫరెన్స్ తగ్గించే కమ్యూనిటీ ఉంటే దాన్ని మీ ప్రకటనకు తగిలించండి, పంపే దిక్కు కమ్యూనిటీలు పోయేటట్టు సెట్ చేసిన్రా చూసుకోండి. సిస్కోల అది విడిగ పెట్టాలె. టికెట్ల ఇట్ల రాయండి: "203.0.113.0/24, మీ నల్లగొండ లింకు మీద, మీ లాక్-రిబ్‌ల మా రూటుకు లోకల్ ప్రిఫరెన్స్ ఎంత ఉన్నది? 64501 నుంచి వచ్చిన మా ఇంకో రూటు మీ అడ్జ్-రిబ్-ఇన్‌ల ఉన్నదా?" రెండో ప్రశ్నకు లేదని జవాబు వస్తే ఎంపిక సంగతే కాదు, 64501 వాళ్లు చెప్తలేరు, అప్పుడు టికెట్ వాళ్లకు పోవాలె.